పాచి పట్టిన అక్వేరియం – కొంత చరిత్ర, ఒక ఒప్పుకోలు

ముందుగా ఒక ఒప్పుకోలు. నేను అయిదు చేపల్ని చంపాను. కోపంతో కాదు, కూర వండుకోడానికీ కాదు. శుభ్రం చేద్దామని చంపాను.

జరిగిందేమిటంటే... కొండాపూర్లో నాతోపాటు ఒకే ఫ్లాటులో ఉండే మిత్రుడు ఆన్‌సైటుకి వెళ్తూ తన అక్వేరియం నాకు అప్పజెప్పి పోయాడు. రెండడుగుల గాజుతొట్టి. అందులో నాలుగు మోలీలు, మూడు ప్లాటీలు, ఒక గొరామీ, ఎప్పుడు చూసినా అద్దానికి నోరు అతికించుకుని ఉండే సక్కరు చేప ఒకటి. వెరసి తొమ్మిది. "రోజూ చిటికెడు మేత వెయ్యరా, అప్పుడప్పుడూ కాసిని నీళ్ళు మార్చు, అంతే" అన్నాడు ఎయిర్‌పోర్టులో. ఓస్ ఇంతేనా అనుకున్నాను.

తర్వాత మా ప్రాజెక్టులో రిలీజు మీద పడింది. మేత వెయ్యడం మాత్రం మర్చిపోలేదు, అదీ చిటికెడు కాదు, గుప్పెడు. తొట్టేమో బాల్కనీ కిటికీ పక్కన, పైన లైటు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేది. నాలుగు నెలలు తిరిగేసరికి అద్దాలు పచ్చబడ్డాయి, ప్లాస్టిక్ మొక్కల మీద పాచి వెంట్రుకల్లా వేలాడింది, చేపలు నీడల్లా కనపడటం మొదలయ్యింది. రిలీజు అయిపోయిన శనివారం ప్యాంటు మడిచి రంగంలోకి దిగాను. చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళని వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి, ఫిల్టరులోని నల్లటి స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లనీళ్ళు వచ్చేదాకా పిండి పిండి ఉతికాను. సాయంత్రానికి అసలు అద్దం ఉందా లేదా అన్నట్టు మెరిసిపోయింది తొట్టి. ఫొటో తీసి వాడికి పంపాను కూడా.

బుధవారానికి మూడు ప్లాటీలు, రెండు మోలీలు తేలాయి.

అక్వేరియం కొట్టతను విషయం విని నవ్వలేదు, తిట్టనూలేదు. "స్పాంజిలో బ్యాక్టీరియా ఉంటది సార్, దాన్ని కడిగేసుకున్నరు" అన్నాడు. ఆ రాత్రి అమ్మతో ఫోన్లో ఇదే చెప్తే, "అంతేగా మరి. పెరుగుగిన్నె కడిగేటప్పుడు కూడా కాస్త తోడు తీసి పక్కన పెట్టుకుంటాం. నువ్వు తోడుతో సహా కడిగేశావన్నమాట" అంది. నాలుగేళ్ళ ఇంజినీరింగు, ఆరేళ్ళ ఉద్యోగం చేసిన వాడికి ఆ ముక్క తట్టలేదు.

మిగిలిన నాలుగు చేపల్నైనా బతికించుకోవాలి, ఈ పాచితొట్టిని సరైన మొక్కల తొట్టిగా మార్చాలి, ఎలాగా అని చదవడం మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ వెనక్కి వెనక్కి జారి 1770ల్లో తేలాను. చదివాక తెలిసిందేమిటంటే, నేను చేసిన తప్పు కొత్తదేం కాదు. గాజుతొట్టిలో ప్రాణాన్ని పెంచాలనుకున్న ప్రతి తరమూ ఏదో ఒక రూపంలో అదే తప్పు చేసింది: పని చేస్తున్నదాన్ని మురికి అనుకుంది. ఈ టపా ఆ కథే.

*

ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన 1771లో ఒక ప్రయోగం చేశాడు. కొవ్వొత్తి వెలిగి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మని పెట్టి మూసేస్తే, కొన్నాళ్ళకి ఆ గాలిలో మళ్ళీ కొవ్వొత్తి వెలిగింది. మొక్కలు చెడిన గాలిని బాగుచేస్తాయని లోకానికి తెలిసింది అలాగే. ఇంతవరకూ స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. ఉండనిది ఇంకోటుంది. 1770ల చివర్లో ఇదే ప్రీస్ట్లీ తన ప్రయోగశాలలో నీళ్ళు నిలవున్న గాజుపాత్రల గోడలకి పచ్చటి పదార్థమేదో పట్టడం, ఎండ తగిలినప్పుడు అందులోంచి స్వచ్ఛమైన గాలి బుడగలుగా రావడం గమనించాడు. అది మొక్కా కాదా అన్నది ఆయనకి వెంటనే తేలలేదు, "పచ్చ పదార్థం" అని రాసుకున్నాడు. అది పాచే. నేను శనివారం పూట గీకి పారబోసిన సరుకే, ఆక్సిజన్ కథలో ఒక సాక్షి.

1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ ఆకుల్ని నీళ్ళలో ముంచి చూసి, బుడగలు వెలుతురులోనే వస్తాయనీ, చీకట్లో మొక్కలు కూడా గాలిని చెడగొడతాయనీ తేల్చాడు. ఈ రెండో సగాన్ని గుర్తుపెట్టుకోండి, ముందుముందు చాలామంది దీన్ని మర్చిపోయి దెబ్బ తిన్నారు.

తర్వాతి మలుపు నీళ్ళలో కాదు, సీసాలో. లండన్లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు గారికి మొక్కల పిచ్చి. ఊరంతా బొగ్గు పొగ, ఆయన తోటలో ఫెర్నులు చచ్చిపోతుండేవి. 1829లో ఒక సీతాకోకచిలుక జాతి పురుగు ప్యూపాని తడిమట్టిలో పెట్టి సీసాకి మూత బిగించాడు, ఎలా బయటికొస్తుందో చూద్దామని. పురుగు సంగతేమో గానీ ఆ మట్టిలోంచి ఒక ఫెర్ను, ఒక గడ్డిమొక్క మొలిచి, నీళ్ళు పొయ్యకుండానే ఏళ్ళ తరబడి బతికాయి. మూసిన గాజుపెట్టెలో నీరు ఆవిరై, మళ్ళీ అద్దం మీద చెమర్చి మట్టిలోకే చేరుతుందన్నమాట. 1833లో అలాంటి పెట్టెల్లో మొక్కలు ఓడెక్కి సిడ్నీ చేరాయి. తర్వాత రాబర్ట్ ఫార్చూన్ చైనా నుంచి హిమాలయాల్లోని తోటలకి తేయాకు మొక్కలు తెచ్చింది కూడా ఈ పెట్టెల్లోనే. ప్రాణాన్ని గాజులో పెట్టి, ముట్టుకోకుండా వదిలేస్తే అది తన లెక్క తను చూసుకుంటుందనే ఆలోచన వార్డ్ సీసాలోంచి పుట్టింది.

అదే రోజుల్లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఝాన్ విల్‌ప్రూ-పవర్ అనే ఫ్రెంచి ఆవిడ (అంతకుముందు పారిస్‌లో బట్టలు కుట్టేది) ఆర్గొనాట్ అనే సముద్రజీవిని పరిశీలించడానికి 1832లో గాజుతొట్లు చేయించుకుంది. ఆ జీవి గవ్వని ఎక్కణ్ణుంచో దొంగిలిస్తుందని అప్పటిదాకా కొందరి వాదన. తనే తయారుచేసుకుంటుందని ఈవిడ ఆ తొట్లలో చూసి నిరూపించింది.

1846లో ఆనా థిన్ అనే ఆవిడ సముద్రతీరం నుంచి పగడపు జీవుల్ని లండన్లోని తన ఇంటికి తెచ్చింది. మరి సముద్రపు నీళ్ళు పాడవకుండా ఉండాలంటే? తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి రోజూ అరగంటకి పైగా ధారగా పొయ్యాలి. పోసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిచేసే అమ్మాయి. ఆ అమ్మాయి పేరు ఎక్కడా కనబడలేదు నాకు. మన తొట్లలో బుడబుడలాడే ఎయిర్‌పంపుకి ముందు ఆ ఉద్యోగం చేసింది ఆ పిల్ల చేతులన్నమాట! మరుసటేడు సముద్రపు నాచు కూడా తొట్లో వెయ్యడంతో ఆ పిల్ల పని కాస్త తేలికయ్యింది.

*

ఇప్పుడు మన కథానాయకుడు. రాబర్ట్ వారింగ్టన్, లండన్లో ఔషధాలు తయారుచేసే సంఘంలో కెమిస్టు. 1841లో కెమికల్ సొసైటీ పెట్టించిన వాళ్ళలో ఒకడు. గాజు మీద పన్ను 1845లో ఎత్తేయడంతో ఇంగ్లండులో గాజు చవకైంది, పెద్ద పాత్రలు అందుబాటులోకొచ్చాయి. 1849లో ఈయన దాదాపు పన్నెండు గ్యాలన్లు పట్టే గాజుపాత్ర తీసుకుని, అడుగున ఇసుక, బురదమట్టి, రాళ్ళు వేసి, సగానికి ఊటనీళ్ళు పోసి, రెండు చిన్న బంగారు చేపల్ని, ఒక వాలిస్నేరియా మొక్కని పెట్టాడు. లెక్క సులువు: చేప వదిలే కార్బన్ డయాక్సైడు మొక్కకి, మొక్క వదిలే ఆక్సిజన్ చేపకి. ప్రీస్ట్లీ పుదీనాని నీళ్ళలో దింపినట్టు.

(ఆ పాత్ర నిండా పోస్తే పట్టేది 55 లీటర్ల లోపే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉండే తొట్టికీ ఇంచుమించు అంతే. అంటే వారింగ్టన్ గారి చేతిలో ఉన్నదీ, నేను పాడుచేసినదీ ఒకే సైజు హార్డువేరు.)

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత వాలిస్నేరియా పాత ఆకులు కుళ్ళడం మొదలెట్టాయి. నీళ్ళు మసకబారాయి. ఆకుల మీద, పాత్ర గోడల మీద జిగురుగా పచ్చటి పొర పట్టింది. అవును, పాచి. లోకంలో మొట్టమొదటి మొక్కల అక్వేరియాల్లో ఒకదానికి మొదటి సీజన్లోనే పాచి పట్టింది!

ఇక్కడ వారింగ్టన్ ఏం చేశాడన్నదే నన్ను ఆపేసింది. ఆయన పాత్రని ఖాళీ చేసి ఉడకబెట్టలేదు. చెరువుల్లో ఆకులు కుళ్ళినా నీళ్ళు ఎందుకు పాడవ్వవు, అక్కడ ఉండి ఇక్కడ లేనిదేమిటి అని ఆలోచించాడు. అయిదారు చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. నత్తలు కుళ్ళిన ఆకునీ, జిగురునీ తిన్నాయి, నీళ్ళు తేరుకున్నాయి. పైగా నత్తలు పెట్టే గుడ్లు చేపలకి మేతయ్యాయి. 1850లో కెమికల్ సొసైటీ ముందు ఈ సంగతంతా చదివాడు. చేప, మొక్క, నత్త. మూడోది లేకుండా మొదటి రెండూ నిలబడలేదన్నమాట. సమస్య ఎదురైతే తీసెయ్యడం కాదు, ఇక్కడ ఇంకెవరు ఉండాల్సింది అని అడగడం. నేను ఆ శనివారం అడగని ప్రశ్న అదే.

*

తర్వాతది మనకి బాగా తెలిసిన కథే: ఒక మంచి ఆలోచన ఫ్యాషనైపోవడం. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకం పేరే 'ది అక్వేరియం'. ఆ మాట అందరి నోళ్ళలో నానింది. మధ్యతరగతి వాళ్ళ ముందుగదుల్లోకి గాజుతొట్లొచ్చాయి, సముద్రతీరాల్లో జనం బుట్టలతో, సుత్తులతో పడ్డారు. రాళ్ళ సందుల్లోని జీవాలన్నీ ఊడ్చుకుపోయాయని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో తండ్రి గురించి రాసిన పుస్తకంలో బాధపడ్డాడు. ఇంటికి తెచ్చిన జీవాలు ఎక్కువ రోజులు బతకలేదు. తొట్టి అందంగా కనపడాలని ఎండ పడే కిటికీలో పెట్టేవారు, అది పచ్చరసం అయ్యేది. 1860ల్లో మోజు తగ్గి, బోలెడు తొట్లు మూలకి చేరాయి.

ఆ శిథిలాల్లోంచి పాఠం నేర్చుకున్నవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్లో అక్వేరియం సామాన్లు అమ్ముకునేవాడు. పచ్చబడ్డ నీళ్ళని చీకట్లో ఉంచితే మళ్ళీ తేటపడతాయని గమనించాడు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియం కట్టినప్పుడు జనం చూసే తొట్ల కంటే చాలా పెద్ద చీకటి జలాశయం నేలలోపల కట్టి, ఆవిరియంత్రంతో నీళ్ళని రెంటికీ మధ్య తిప్పుతూ ఉండేలా చేశాడు. పాచికి మూలం మురికి ఒక్కటే కాదు, వెలుతురు కూడా అన్నది లాయిడ్ అనుభవం మీద తెలుసుకున్న సంగతి. నా లైటు రాత్రీ పగలూ వెలిగేదని చెప్పాను కదా!

అయితే లాయిడ్‌కీ, వారింగ్టన్‌కీ కూడా కనబడనిది ఇంకోటుంది. చేప విడిచేది కార్బన్ డయాక్సైడు మాత్రమే కాదు, అమ్మోనియా కూడా. అది విషం. అయినా పాత తొట్లో చేప ఎందుకు చావట్లేదు? దీనికి జవాబు చేపల వాళ్ళ దగ్గర్నుంచి రాలేదు, మురుగునీటి దగ్గర్నుంచి వచ్చింది. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గుండా వడగట్టారు. మొదట కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. తర్వాత అమ్మోనియా పోయి నైట్రేటు రావడం మొదలయ్యింది. ఇసుకకి క్లోరోఫాం పట్టిస్తే ఆ పని ఆగిపోయింది. అంటే చేస్తున్నది ఇసుక కాదు, ఇసుకలో ఉన్న ప్రాణి ఏదో. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఆ బ్యాక్టీరియాని వేరుచేసి చూపించాడు. అమ్మోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చేవి.

అమ్మ చెప్పిన తోడు అదే. అది నీళ్ళలో కన్నా రాళ్ళ మీద, ఇసుక మీద, ముఖ్యంగా ఫిల్టరు స్పాంజిలో ఉంటుంది. "మొదట కొన్నాళ్ళు ఏమీ జరగలేదు" అన్న ముక్క చూడండి. తోడుకోడానికి టైము పడుతుంది. నేను రాళ్ళు ఉడకబెట్టి, స్పాంజిని క్లోరిన్ నీళ్ళతో ఉతికి, తోడు లేని తొట్లో తొమ్మిది చేపల్ని పెట్టాను. దానికి తోడు, నింపింది మా అపార్టుమెంటు బోరునీళ్ళతో. ఉప్పదనం, క్షారగుణం ఎక్కువ. అమ్మోనియాలో విషరూపం పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే ఇంచుమించు పదింతలవుతుంది. ఆ రోజు నా దగ్గర టెస్టుకిట్టు లేదు కాబట్టి పోస్టుమార్టం రిపోర్టు రాయలేను గానీ, నిందితుడు ఎవరో తెలుస్తూనే ఉంది. గొరామీ బతికిందంటే, పైకొచ్చి గాలి మింగగలదు కాబట్టేమో.

*

ఇరవయ్యో శతాబ్దంలో కూడా "సమతుల్య అక్వేరియం" అనే మాట పోలేదు. చేపలూ మొక్కలూ సరైన లెక్కలో వేస్తే చాలు, తొట్టి తనంతట తను నడుస్తుందని పుస్తకాలు చెప్తూనే ఉన్నాయి. 1949లో న్యూయార్క్ అక్వేరియంలో పనిచేసే జేమ్స్ ఆట్జ్ ఇది ఒట్టి భ్రమ అని ఒక వ్యాసం రాశాడు. తొట్టికి ఆక్సిజన్ ఎక్కువగా అందేది నీటి పైతలం నుంచి, రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి అని. ఇంగెన్‌హౌజ్ 1779లో చెప్పిన రెండో సగం గుర్తుందా, అదే.

మరి మొక్కలెందుకు? పాచికి పోటీగా. ఈ సంగతి అర్థం కావడానికే చాలా కాలం పట్టింది. డచ్చివాళ్ళు తోటలాగా వరసలు వరసలుగా నాటిన తొట్లతో పోటీలు పెట్టుకున్నారు. జపానులో తకాషి అమానో అనే మాజీ సైకిలు పందెగాడు, ఫొటోగ్రాఫరు, 1982లో తన కంపెనీ పెట్టి, కొండల్నీ అడవుల్నీ తొట్లోకి దింపే పద్ధతి తెచ్చాడు. ఆయన తొట్లకీ పాచి పట్టింది. ఆయన కూడా వారింగ్టన్ ప్రశ్నే వేసుకున్నాడు. జపాను వాగుల్లో ఉండే ఒక చిన్న రొయ్యని తెచ్చి పాచి మీదకి వదిలాడు. ఇవ్వాళ లోకమంతా దాన్ని అమానో రొయ్య అంటారు. 2015లో చనిపోయే ముందు లిస్బన్‌లో 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్ళున్న మొక్కల తొట్టి ఒకటి కట్టి వెళ్ళాడు.

మన జాతి వాళ్ళకి నచ్చే ఘట్టం ఇప్పుడొస్తుంది. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు ఇలా అన్నారు: మొక్కలకి మిగతా పోషకాలన్నీ ఇవ్వండి, ఫాస్ఫేటు మాత్రం అందకుండా చూడండి, పాచి ఆకలితో పోతుంది. చేసిన చాలామందికి పనిచేసింది. తర్వాత టామ్ బార్ అనే ఆయన వచ్చి, ఫాస్ఫేటుతో సహా అన్నీ ఎక్కువే వేసి, వారానికి సగం నీళ్ళు మార్చేస్తే కూడా పాచి రాదని చూపించాడు. 1999లో డయానా వాల్‌స్టాడ్ ఇంకో దారి చూపించింది. అడుగున మామూలు మట్టి, పైన ఇసుక, నిండుగా మొక్కలు. నీటిమొక్కలు నైట్రేటు కంటే ముందు అమ్మోనియానే తీసుకుంటాయని ఆవిడ శాస్త్రపత్రాలన్నీ వెతికి రాసింది. వారింగ్టన్ పాత్రలో కూడా అడుగున బురదమట్టే కదా!

ఒకే బగ్గుకి ఒకదానికొకటి వ్యతిరేకమైన ప్యాచీలు. అన్నీ పనిచేశాయి. మనకి ఆఫీసులో ఇలా జరిగితే ఏమనుకుంటాం? అసలు కారణం వేరే ఉంది అనుకుంటాం. మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: తొట్టి నిండా ఆరోగ్యంగా పెరుగుతున్న మొక్కలు. మొక్క ఎదుగుతుంటే పాచికి చోటు తక్కువ. మొక్క నీరసపడి ఆకు కుళ్ళితే పాచి వస్తుంది. 1849లో జరిగిందీ అదే.

*

ఇంత చదివాక నా నాలుగు చేపల తొట్టి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఒక్క శనివారం కాదు, నాలుగు నెలలు పట్టింది. చేసింది క్లుప్తంగా చెప్తాను, పాచితొట్టి ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

మొదటి వారం ఏమీ పీకలేదు. కొట్టతని దగ్గర బాగా నడిచిన స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి నా ఫిల్టరులో పెట్టాను. తోడు అడిగి తెచ్చుకున్నట్టే. టెస్టుకిట్టు కొన్నాను. అమ్మోనియా, నైట్రైటు సున్నాకి వచ్చేదాకా రోజూ కాసిని నీళ్ళు మార్చాను, ఒకేసారి పాతిక శాతం మించకుండా. కుళాయినీళ్ళైతే క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేసి. మేత సగానికి సగం తగ్గించాను.

రెండోది వెలుతురు. తొట్టిని కిటికీ దగ్గర్నుంచి జరిపాను (నీళ్ళు బాగా దించి, ఇద్దరం పట్టుకుని. నిండు తొట్టిని ఎత్తితే అద్దం పగులుద్ది). లైటుకి టైమరు పెట్టి రోజుకి ఆరుగంటలే.

మూడోది మొక్కలు, మొదటి రోజే నిండుగా. ఒకటి రెండు నాటి చూద్దాం అనుకుంటే పాచే గెలుస్తుంది. మా బోరునీళ్ళకి ఏది తట్టుకుంటుందా అని వెతికితే మళ్ళీ వాలిస్నేరియానే వచ్చింది. కఠినజలంలోని బైకార్బొనేటు నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు. బైపీసీ చదివినవాళ్ళకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది, నీళ్ళ మీద పరాగసంపర్కం అంటే ఇచ్చే ఉదాహరణ ఇదే. ఎంపీసీ వాణ్ణి కాబట్టి నాకు ఇన్నాళ్ళూ తెలీదు. మట్టి మాత్రం వెయ్యలేదు. చేపలున్న తొట్లో కొత్తమట్టి వేస్తే అదే అమ్మోనియా వదులుతుంది. మట్టి కావాలనుకుంటే చేపల్ని పాత ఫిల్టరుతో సహా వేరే టబ్బులోకి మార్చి, కొత్త తొట్టి నీళ్ళు పరీక్షలో సున్నా చూపించేదాకా ఆగాలి.

నాటిన రెండు వారాలకి వాలిస్నేరియా ఆకులు కరిగిపోవడం మొదలయ్యింది. గోధుమరంగు పొర పట్టింది. చెయ్యి దురదపెట్టింది, మళ్ళీ అన్నీ కడిగేద్దామా అని. కుళ్ళిన ఆకులు మాత్రం తుంచి, పాత అద్దాన్ని ఒక్క ముందువైపే తుడిచి, ఊరుకున్నాను. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి జాడించి పెట్టాను. నెల తర్వాత అడుగు నుంచి తీగలు పాకి కొత్తపిలకలు వచ్చాయి. ఒకరోజు చూస్తే అద్దం మీద ఆవగింజంత నత్త! మొక్కలతో పాటు వచ్చినట్టుంది. పిచ్చిది, ఇంకో ఆర్నెల్ల ముందు వచ్చుంటే నా వేలి కింద నలిగిపోయేది. ఇప్పుడు వారింగ్టన్ గారు పంపించిన అతిథి అనుకుని వదిలేశాను :)

*

చివరగా ఒక మాట, ఇది కథకి సంబంధించిందే. సక్కరు చేప. పాచి తింటుందని అందరికీ కొట్లో అంటగడతారు. రెండంగుళాల పిల్ల అడుగు దాటి పెరుగుతుంది. నాది పెరిగి కొత్త మొక్కల్ని తోకతో లేపేస్తోంది. "ఏముంది, దగ్గర్లో చెరువులో వదిలెయ్" అన్నారు ఆఫీసులో. నాకూ పుణ్యమే అనిపించింది.

కానీ చరిత్రలో ఆ పుణ్యం ఖరీదు కూడా చదివాను. గుర్రపుడెక్క ఎవరో అందంగా ఉందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన మొక్కే, ఇవ్వాళ మన చెరువుల సంగతి మీకు తెలుసు. మన వైపు చెరువుల్లో మామూలుగా పెరిగే హైడ్రిల్లా 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా ఫ్లోరిడా చేరి, అక్కడి నదులకి పెద్ద తలనొప్పయ్యింది. ఇక సక్కరు చేప దక్షిణ అమెరికా నుంచి మన ఇళ్ళకీ, మన ఇళ్ళలోంచి చెరువులకీ చేరింది. ఆంధ్రాలో చేపల చెరువుల వాళ్ళు దెయ్యం చేప అంటున్నది దీన్నే. వలలు చింపుతుంది, మేత తినేస్తుంది, అమ్ముడుపోదు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్ళలో డీఎన్ఏ ఆనవాళ్ళు వెతికి, తూర్పు కనుమల్లో చాలా నీటివనరుల్లోకి ఇది పాకిందని తేల్చారు. అందులో ఎన్ని "పుణ్యానికి" వదిలినవో!

నేను దాన్ని కొట్టతనికే తిరిగిచ్చేశాను. డబ్బులడగలేదు, అతనూ ఇవ్వలేదు. తుంచిన మొక్కలు కూడా కాలువలో వెయ్యను, ఎండబెట్టి చెత్తలో వేస్తాను. గాజుతొట్లో తప్పు చేస్తే అయిదు చేపలతో పోయింది. చెరువులో చేస్తే తోడు తెచ్చుకోడానికి పక్కింట్లో ఇంకో చెరువుండదు.

ఇప్పుడు తొట్లో గొరామీ ఉంది. రెండు మోలీలు ఉన్నాయి, వాటి పిల్లలు పదకొండు దాకా లెక్కపెట్టగలిగాను. పాచి కూడా ఉంది, వెనక అద్దం మీద పలచగా. మోలీలు దాన్ని గీక్కుని తింటూ ఉంటాయి. ఉండనీ.

మావాడికి మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు. వీడియోకాల్లో ఎప్పుడడిగినా కెమెరా గొరామీ వైపు తిప్పి "మిగతావి మొక్కల వెనక ఉన్నాయిరా" అంటూ వచ్చాను. వాడు ఈ పేజీ చదువుతాడని తెలుసు. ఒరేయ్, అవి మొక్కల వెనక లేవు. ఇది చదివాక ఫోన్ చెయ్యి.